ఉచిత 15 జీబీ నిండింది.. ఇప్పుడు నెలనెలా కట్టాలా?

ప్రశ్న: ఇన్నాళ్లూ ఉచితంగా వాడుకున్న గూగుల్ ఫొటోస్ ఇప్పుడు 'స్టోరేజ్ నిండింది, నెలకు రూ.130 కట్టండి' అంటోంది. యూట్యూబ్‌కి, ఇంకో రెండు యాప్‌లకి ఇప్పటికే కడుతున్నాం. ఒక యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసినా డబ్బులు కట్ అవుతూనే ఉన్నాయి. ఏం చేయమంటారు? – ఓ పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ఆ మెసేజ్‌ని మాత్రం చూసీచూడనట్టు వదిలేయకండి. 15 జీబీ ఒక్క ఫొటోలకే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే సర్దుకోవాలి. అది పూర్తిగా నిండితే మీకు కొత్త మెయిళ్లు రావు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫండ్ల వివరాలు, ఆదాయపు పన్ను శాఖ నోటీసులు ఆ మెయిల్‌కే వస్తుంటే ఎంత ఇబ్బందో ఆలోచించండి. పరిమితి దాటి రెండేళ్లు అలాగే ఉంటే, దాచుకున్నవాటిని కూడా తొలగించవచ్చని గూగుల్ నిబంధనల్లోనే ఉంది.

కట్టే ముందు ఒక ఆదివారం శుభ్రం చేయడానికి కేటాయించండి. చాలామంది బాగా పాత ఫొటోలతో మొదలుపెడతారు. 2021 జూన్ 1కి ముందు 'హై క్వాలిటీ'లో ఎక్కించినవి అసలు లెక్కలోకే రావు కాబట్టి, వాటిని ఎన్ని చెరిపినా చోటు మిగలదు. ఫొటోస్ యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే ఖాళీ అయ్యేది ఫోన్ మాత్రమే, గూగుల్ ఖాతా కాదు. పైగా ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ, ఖాతాలోనూ రెండు చోట్లా పోతుంది. పిల్లల చిన్ననాటి ఫొటోలు ఇలా పోగొట్టుకుంటే ఎంత డబ్బు పెట్టినా తిరిగి రావు. అందుకే ముందు గూగుల్ టేకౌట్‌లో (ఖాతాలో ఉన్నవాటికి కాపీ దించుకునే గూగుల్ సేవ ఇది) ఫొటోస్ ఒక్కటే ఎంచుకుని, హార్డ్ డిస్క్‌లోకి దించుకుని, ఫైళ్లు తెరిచి చూశాకే చెరపండి.

చోటు ఎక్కువగా తినేవి వీడియోలు. వాట్సాప్ చాట్ బ్యాకప్‌లో 'వీడియోలు చేర్చు' ఆపేయండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, వెతికే పెట్టె పక్కనున్న ఫిల్టర్‌లో సైజు 10 ఎంబీకి మించినవి అని ఇస్తే బరువైన మెయిళ్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. పనికిరానివి తీసేశాక జీమెయిల్, డ్రైవ్‌లలో ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. అప్పటిదాకా లెక్క తగ్గదు.

ఇంత చేసినా చాలకపోతే కట్టండి, తప్పేం లేదు. 100 జీబీకి నెలకు 130 అంటే ఏడాదికి 1,560. అదే ఏడాదికి ఒకేసారి కడితే 1,300. ఆ చోటును ఇంకో ఐదుగురు కుటుంబసభ్యులతో పంచుకోవచ్చు. ఎవరి ఫొటోలు వారికే కనిపిస్తాయి. ఇంట్లో ముగ్గురు విడివిడిగా కట్టడం మాత్రం వృథా.

ఇక ఆగని చెల్లింపు సంగతి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. అక్కడ కనిపించకపోతే మీ యూపీఐ యాప్‌లో 'ఆటోపే' చూడండి. గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యేలా మీరిచ్చిన అనుమతులు (మ్యాండేట్లు) అక్కడ ఉంటాయి. ఒక్కో చెల్లింపు రూ.15,000 వరకు అయితే ప్రతి నెలా ఓటీపీ, పిన్ అడగకుండానే కట్ అవుతుంది. కాకపోతే కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ప్రకటనల గోలలో పడి మనం చదవనిది సరిగ్గా ఆ మెసేజే. మ్యాండేట్‌లో గరిష్ఠ మొత్తం ఎంతని ఉందో కూడా చూడండి. అది ప్లాన్ ధరకంటే ఎక్కువ ఉంటే, ధర పెరిగినా కొత్తగా మీ అనుమతి అడగకపోవచ్చు. యూట్యూబ్ ప్రీమియం 2024 ఆగస్టులో 129 నుంచి 149కి చేరింది. కట్టేవారిలో ఎంతమంది గమనించి ఉంటారు?

పిల్లలు చదువుకని చాట్‌జీపీటీ గో (ఏఐ చాట్‌బాట్ చాట్‌జీపీటీలో డబ్బు కట్టి వాడే ఒక ప్లాన్) తీసుకున్నారేమో కూడా అడగండి. 2025 నవంబరు 4 నుంచి మన దేశంలో దాన్ని ఏడాది ఉచితంగా ఇచ్చారు. మామూలు ధర నెలకు 399. చేరేటప్పుడే కార్డో యూపీఐయో ఇచ్చి ఉంటారు కాబట్టి, ఏడాది నిండే తేదీకి వారం ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.