పైథాన్ పాత వెర్షన్లకు సపోర్ట్ తీసేస్తే యూజర్లు తిడతారా? నాకు జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ: చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి చూసుకుంటున్నారు, అది 3.8 నుంచి పనిచేస్తుంది, మ్యాచ్ స్టేట్‌మెంట్ (విలువ రూపాన్ని బట్టి దారి ఎంచుకునే కొత్త సింటాక్స్) వాడుకోవాలంటే కనీసం 3.10 కావాలి, పాతవి వదిలేస్తే జనం గొడవ చేస్తారేమో, మేజర్ వెర్షన్ (వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె) పెంచాలేమో అని టెన్షన్.

పాత వెర్షన్లను నిశ్చింతగా వదిలేయండి. 3.8 గడువు 2024 అక్టోబర్‌లో, 3.9 గడువు 2025 అక్టోబర్‌లో అయిపోయాయి. భాషను తయారుచేసేవాళ్ళే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపేశాక, జీతం లేకుండా చేస్తున్న మీరెందుకు మోయాలి? కాకపోతే తీసేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాలి. అక్కడే నేను బోల్తా పడ్డాను.

నాది లాగ్ ఫైళ్ళు చదివే లైబ్రరీ. దాని 2.4.0 వెర్షన్ వరకు పైథాన్ 3.8 మీద బాగానే నడిచింది. 3.8 గడువు ముగిసిందని తెలియగానే హుషారుగా సీఐ మ్యాట్రిక్స్‌లోంచి (టెస్టులు ఏయే పైథాన్ల మీద ఆటోమేటిక్‌గా నడవాలో చెప్పే జాబితా) 3.8 తీసేశాను, స్ట్రింగ్ ముందు భాగం కత్తిరించే నా పాత ఫంక్షన్ పీకేసి రిమూవ్‌ప్రిఫిక్స్ పెట్టాను (అది 3.9లో వచ్చింది), టెస్టులన్నీ గ్రీన్, 2.5.0 రిలీజ్ చేసేశాను. గ్రీన్ రాక ఏం చేస్తాయి, తప్పు పట్టుకోవాల్సిన టెస్టును ముందే నేనే ఇంటికి పంపేశాను కదా. ప్యాకేజీ వివరాలుండే పైప్రాజెక్ట్ ఫైల్లో, కనీసం ఏ పైథాన్ కావాలో చెప్పే రిక్వైర్స్-పైథాన్ దగ్గర మాత్రం 3.8 అనే ఉండిపోయింది. మర్నాటికల్లా ఇష్యూలు మొదలు: ఇన్‌స్టాల్ అవుతోంది, ఇంపోర్ట్ అవుతోంది, ఫైల్ చదవబోతే స్ట్రింగ్‌కి రిమూవ్‌ప్రిఫిక్స్ అనేదే లేదని యాట్రిబ్యూట్ ఎర్రర్.

అసలు తప్పు దీని తర్వాత చేశాను. కంగారుగా రిక్వైర్స్-పైథాన్‌ను 3.9కి పెంచి 2.5.1 వదిలి, ఇష్యూ క్లోజ్ చేసి పడుకున్నాను. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ ఏం చేస్తుందో ఒక్కసారి ఆలోచించండి. 3.8 ఉన్న మనిషి ఇన్‌స్టాల్ కొడితే పిప్ 2.5.1 చూస్తుంది, ఇది నీకు సరిపడదని పక్కన పెడుతుంది, దాని కింది వెర్షన్‌కి దిగుతుంది. అదేమిటి? 2.5.0. నేను పాడుచేసిందే! అది ఇంకా 3.8కి పనికొస్తానని బోర్డు పెట్టుకుని కూర్చుంది. అంటే నా ఫిక్స్ వల్ల 3.8 వాళ్ళందరూ ఆ పాడైన వెర్షన్ దగ్గరే ఇరుక్కుపోయారు. పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైల్‌ను మార్చలేం, డిలీట్ చేసినా అదే ఫైల్ పేరుతో మళ్ళీ ఎక్కించనివ్వదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

చివరికి దారి యాంక్ చేయడమే. పైపీఐలో ఆ రిలీజ్‌ను యాంక్ చేస్తే పిప్ దాన్ని తనంతట తాను ఎంచుకోదు, సరిగ్గా 2.5.0యే కావాలని డబుల్ ఈక్వల్స్‌తో పిన్ చేసుకున్నవాళ్ళకు మాత్రం దొరుకుతుంది. అది చేసిన నిమిషం నుంచి 3.8 వాళ్ళకు 2.4.0 వెళ్ళడం మొదలైంది, ఇష్యూలు ఆగాయి.

కాబట్టి మీరు ముందుగా పెండింగ్‌లో ఉన్న బగ్ ఫిక్స్‌లన్నీ కలిపి పాత పైథాన్‌ల కోసం ఒక మంచి రిలీజ్ ఇవ్వండి, ఎందుకంటే ఆ జనం ఏళ్ళ తరబడి ఉండబోయేది దాని మీదే. ఆ తర్వాత మొట్టమొదటి కమిట్‌లో రిక్వైర్స్-పైథాన్ మార్చండి, సీఐ లోంచి తీయడం, కోడ్ ముట్టుకోవడం ఆ తర్వాతే. పిప్ 9 నుంచి, అంటే 2016 నుంచి, ఈ మెటాడేటాను పిప్ పట్టించుకుంటోంది. అది సరిగ్గా ఉంటే పాత పైథాన్ ఉన్న మనిషికి మీరు సపోర్ట్ తీసేసిన సంగతే తెలియదు, తనకు సరిపడే పాత రిలీజ్ నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. (సీఐ ఫైల్లో 3.10 రాసేటప్పుడు కొటేషన్లు మర్చిపోకండి. లేకపోతే యామల్ (సీఐ ఫైల్ రాసే ఫార్మాట్) దాన్ని 3.1 అని చదువుతుంది. ఇందులో కూడా నాకో సాయంత్రం పోయింది.) పైపరిమితి, అంటే ఫలానా వెర్షన్ కంటే తక్కువే ఉండాలి అన్నది మాత్రం పెట్టొద్దు. పిప్ ఆ షరతు లేని ఏదో పాత రిలీజ్ వెతికి ఇస్తుంది, పైన చెప్పిన కథే మళ్ళీ మొదలు.

మేజర్ వెర్షన్ సంగతి: ఇందులో తలో మాట. జాంగో (వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్) వాళ్ళు 2017 డిసెంబర్‌లో తమ 2.0 వెర్షన్‌తో పైథాన్ 2కు సపోర్ట్ తీసేశారు, కానీ అది చాలా పెద్ద మార్పు. నా వరకు ఏపీఐ (యూజర్లు పిలిచే ఫంక్షన్లు) మారనప్పుడు మైనర్, అంటే రెండో అంకె, పెంచితే చాలు, ఛేంజ్‌లాగ్‌లో మొదటి లైన్‌లోనే కనీస పైథాన్ 3.10 అని రాసేయండి.

ఎప్పుడు వదలాలన్నదానికి సైంటిఫిక్ పైథాన్ (శాస్త్ర గణన లైబ్రరీల బృందం) వాళ్ళ స్పెక్ 0 పద్ధతి ఉంది, ఒక పైథాన్ వెర్షన్ విడుదలైన మూడేళ్ళకు దాన్ని వదిలేస్తారు. మీ లైబ్రరీ మీద వేరే లైబ్రరీలు ఆధారపడి ఉంటే అంత దూకుడు వద్దు, గడువు ముగిసేదాకా ఆగండి. డౌన్‌లోడ్ లెక్కలు చూసి భయపడకండి, పాత వెర్షన్ల నంబర్లలో ఎవరూ పట్టించుకోని సీఐ మెషిన్లు బోలెడు ఉంటాయి. ఒక్కోసారి నిర్ణయం మన చేతుల్లో కూడా ఉండదు. టెస్టులు నడిచే సీఐ మెషిన్ ఇమేజ్ ఉబుంటు 24.04 లైనక్స్‌కి మారాక అందులో 3.7 దొరకడమే మానేసింది.

తిట్లు పడతాయా అంటే, నాకు ఒక్కటే మెయిల్ వచ్చింది. ఒక కంపెనీ నుంచి, పేరెందుకులెండి, మా సర్వర్లన్నీ ఉబుంటు 20.04, అందులో 3.8 ఉంది, మీరిలా చేస్తే ఎలా అని కాస్త గట్టిగానే. మీకు 2.4.0 ఎక్కడికీ పోలేదు, 2.4 బ్రాంచ్ తెరిచే ఉంచుతాను, ఫిక్స్ కావాలంటే ప్యాచ్ పంపండి, రిలీజ్ నేను చేస్తాను అని జవాబిచ్చాను. రెండు వారాలకు నిజంగానే నాలుగు లైన్ల ప్యాచ్ పంపారు, 2.4.1గా వదిలాను. మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి ఏమీ రాలేదు.