14416కి ఫోన్ చేస్తే అవతల ఏమంటారు?

ప్రశ్న: చచ్చిపోవాలనిపిస్తే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమంటారు కదా, చేస్తే ఏం అడుగుతారు? ఇంట్లో చెప్పేస్తారా? పోలీసు కేసవుతుందా?

నేను చేశాను కాబట్టి చెప్తున్నా.

అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేవాణ్ణి. లోన్ యాప్‌లో అప్పు తీసుకుంటే, ఒకటి తీర్చడానికి ఇంకోటి, దాన్ని తీర్చడానికి మరోటి అయ్యింది. వాళ్లు నా ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ నా ఫొటో మీద 'దొంగ' అని రాసి పంపారు. అమ్మకి కూడా వెళ్లింది. మా బాబాయ్ ఫోన్ చేసి "ఇంటి పరువు తీశావు కదరా" అన్నాడు. ఎంత అప్పుందో, తిన్నానో లేదో అడగలేదు. పరువు అన్న మాట మన ఇళ్లల్లో ఎంతమంది గొంతు నొక్కిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రాత్రే 14416కి చేశా. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది. మొదట రికార్డు గొంతు భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఉంది. తర్వాత ఒకావిడ ఎత్తింది. నాకు నోట మాట రాలేదు. "పర్లేదండీ, నిదానంగా చెప్పండి, నేను లైన్లోనే ఉన్నా" అంది. నా అనుభవంలో కష్టమంతా ఈ మొదటి రెండు నిమిషాలే. ఏడ్చినా, తిట్టినా, పెట్టేసి మళ్లీ చేసినా వాళ్లకి కొత్త కాదు.

కాసేపయ్యాక సూటిగా అడిగింది: "చనిపోవాలనుకుంటున్నారా?" అప్పటిదాకా అందరూ "పిచ్చి పనులేం చేసుకోకు" అన్నవాళ్లే. ఆ మాట పేరు పెట్టి అడిగినవాళ్లు లేరు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనవాళ్ల భయం. అదేం కాదు. "ఊఁ" అన్నాక నాకు గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది.

తర్వాత అడిగినవన్నీ ఆ రాత్రి గడవడానికే. ఒక్కరే ఉన్నారా, హాని చేసుకోడానికి దగ్గర ఏమైనా పెట్టుకున్నారా అని. పెట్టుకున్నా. "అది పక్క గదిలో ఎవరికైనా ఇచ్చి రండి, ఫోన్ పెట్టకండి" అంది. ఫోన్ చొక్కా జేబులో వేసుకుని, కవరు పట్టుకుని పక్క గది తలుపు కొట్టా. నెల్లూరు కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, కళ్లు సగం మూసుకునే "ఏంది బ్రో?" అన్నాడు. "పొద్దున దాకా నీ దగ్గరుంచు" అంటే ఒకసారి నా మొహం చూసి, కవరు తీసుకుని, "లోపలికి రా, ఇక్కడే పడుకో" అన్నాడు. జేబులోంచి ఆవిడకి అదంతా వినిపించినట్టుంది, "మంచి పని చేశారు" అంది.

ఉపన్యాసం ఇస్తారనుకోవద్దు. అప్పు తీరుస్తారనీ అనుకోవద్దు. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుతో మాట్లాడిస్తారు, జిల్లా ఆసుపత్రిలో ఎవర్ని కలవాలో చెప్తారు. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చిందనుకుంటే సాయం పంపడానికి చూస్తారు, అది మన మంచికే. నా విషయంలో మాత్రం మా ఇంటికి ఎవరూ ఫోన్ చేయలేదు. కేసు సంగతంటారా, మనసులో మాట చెప్పుకోవడం ఎప్పుడూ నేరం కాదు. ప్రయత్నం చేసినవాళ్లు కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెప్తోంది. సినిమాల్లో మాత్రం ఇప్పటికీ ఆసుపత్రి మంచం పక్కన ఎస్సైని నిలబెడతారు!

మీరు మీ గురించే అడుగుతుంటే, ఈ జవాబు తర్వాత చదవొచ్చు, ముందు ఆ నంబరు నొక్కండి. ఒకవేళ దొరక్కపోతే అత్యవసర నంబరు 112. పగటిపూట సికింద్రాబాద్‌లో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ హెల్ప్‌లైన్ వాళ్లు కూడా ఉన్నారు, వాలంటీర్లే వింటారు.

లోన్ యాప్ బాధితులకి ఇంకో మాట. మర్నాడు ఆ నెల్లూరు కుర్రాడే పక్కన కూర్చుని 1930కి, అంటే సైబర్ క్రైమ్ నంబరుకి, ఫోన్ చేయించాడు. బెదిరింపు మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. పరువు పోయిందనే బాబాయ్ మీకూ ఉంటే, ఆయనకి కూడా అవే పంపండి.