పాతింటి మరమ్మతు నేర్చుకుంటానన్న మేనల్లుడికి

చి॥ మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

తాతగారి పెంకుటిల్లు పడగొట్టకుండా బాగుచేయిస్తాననీ, పని జరిగినన్నాళ్ళూ ఊళ్ళోనే ఉండి మేస్త్రుల పక్కన నువ్వూ నేర్చుకుంటాననీ రాశావు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అమలాపురం చుట్టుపక్కల అలాంటి ఇళ్ళు ఏటికేడాదీ తగ్గిపోతున్నాయి. కట్టుబడి పనుల్లోనే బతుకంతా గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే, ఓపిగ్గా చదువు.

వీడియోలు చాలా చూశానన్నావు. మంచిదే. తాపీ ఎలా పట్టుకోవాలో, టైలు ఎలా కొయ్యాలో వాటిలో తెలుస్తుంది. మీ ఇంటి గోడ ఎందుకు పాడైందో మాత్రం వాటిలో ఉండదు. మరమ్మతులో సగం పని కారణం పట్టుకోవడమే. మంచి మేస్త్రి వస్తూనే సుత్తి తియ్యడు. ఇంటి చుట్టూ తిరుగుతాడు, గోడని వేళ్ళతో తట్టి వింటాడు, చూరు కింద నిలబడి పైకి చూస్తాడు, వాననీళ్ళు ఎటు పోతాయని అడుగుతాడు. అప్పుడు ఆయన వెనకాలే ఉండు. ఆయన ఎక్కడ ఆగాడో, ఏం చూసి ఆగాడో రాసుకో. ఆ చూపు అబ్బితే చేతిపని మెల్లగా దానంతటదే వస్తుంది.

పని గుత్తకిస్తావా, రోజు కూలికిస్తావా అన్నది ముందే తేల్చుకో. మొత్తం ఖర్చు ముందే తెలుస్తుందని అందరూ గుత్తకే ఇస్తారు. నువ్వు రోజు కూలికే పెట్టు. గుత్త ఒప్పుకున్న మేస్త్రికి పని ఎంత తొందరగా అయితే అంత మిగులు, కాబట్టి నువ్వడిగే ప్రతి ప్రశ్నా ఆయన జేబుకి చిల్లే. రోజు కూలైతే ఆగి చెప్పే తీరిక ఉంటుంది. నేర్చుకోవాలని ఉందనీ, దానివల్ల రెండు రోజులు ఎక్కువ పట్టినా కూలి ఇస్తాననీ మొదటి రోజే చెప్పెయ్యి. మేస్త్రిని ఎంచుకునేటప్పుడు నిన్నమొన్న రంగులేసిన ఇల్లు చూసి మోజు పడకు. ఆయన చేసి మూడు నాలుగు వానాకాలాలు దాటిన పని చూపించమను. ఆ ఇంటి ఇల్లాలిని అడుగు, ఉన్నదున్నట్టు చెబుతుంది.

మొదటి వారం తాపీ ముట్టుకోకు. ఇసుక జల్లించు, ఇటుకలు తడుపు, మాలు (ఇసుకలో సున్నమో సిమెంటో వేసి నీళ్ళతో కలిపిన ముద్ద) అందించు, సాయంత్రం సామాను కడుగు. చదువుకున్నవాడు తట్ట మొయ్యడమేంటని ఎవరైనా అంటే అననీ. మాలులో నీళ్ళు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అన్నది కలిపే ఆడకూలీలకి చూడగానే తెలుస్తుంది. వాళ్ళు పార తిప్పేటప్పుడు చప్పుడు విని చెబుతారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి మొహమాటపడకు, ‘అమ్మా’ అని పిలిచి అడుగు. మేస్త్రిని ‘మేస్త్రిగారూ’ అను. ప్రశ్నలన్నీ పుస్తకంలో రాసుకుని అన్నాలప్పుడు అడుగు. నలుగురి ముందు ‘ఇలా కాదు, వీడియోలో వేరేగా ఉంది’ అన్నావంటే ఆ మనిషి ఇంక నోరు విప్పడు.

ఇప్పుడు మీ గోడల సంగతి. నువ్వు పంపిన ఫొటోల్లో వీధి గది గోడ కింద నడుము ఎత్తు దాకా చౌడు పొంగి సున్నం పెచ్చులూడుతోంది. కింద నుంచి సిమెంటు ప్లాస్టరింగు చేయిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారని రాశావు. దయచేసి చేయించకు. అవి గుల్ల సున్నంతో కట్టిన పద్నాలుగంగుళాల గోడలు, పునాది మీద చెమ్మని ఆపే డీపీసీ పొర లేదు. కోనసీమ నేలలో నీరు పైనే ఉంటుంది. ఆ చెమ్మ ఇటుకల్లోంచి పైకి పాకి, గోడ పైపొరలోంచి ఆరిపోతూ ఉప్పుని అక్కడ వదిలేస్తుంది. సున్నం పూత దాన్ని బయటికి పోనిస్తుంది. సిమెంటు పూత బిగదీసి ఆపేస్తుంది, అప్పుడు చెమ్మ దారి వెతుక్కుంటూ ఇంకా పైకెక్కి రెండేళ్ళలో కిటికీ ఎత్తున బయటపడుతుంది. ప్లాస్టిక్ పెయింటు వేసినా ఇదే గతి.

దానికి మందు బయట ఉంది. వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా నేల ఎత్తు పెరిగి, మీ అరుగు దాదాపు రోడ్డుకి సమానమైపోయింది. చూరు నీళ్ళు గోడ మొదట్లోనే పడి ఇంకుతున్నాయి. ముందు ఇంటి చుట్టూ మట్టి లోపలి గచ్చుకంటే కనీసం అర అడుగు కిందికి తీయించు. గోడకి దూరంగా వాటం పెట్టి కాలవ తవ్వించు. తర్వాత చెమ్మ గీతకి పైన ఇంకో అడుగు దాకా పాత పూత కొట్టించి, ఇటుకల సందుల్లో పొడి గీకించి, గోడని ఆరనివ్వు. వేసవి మొత్తం పట్టినా పట్టనీ. ఆరిన గోడకి మళ్ళీ సున్నంతోనే పూత వెయ్యాలి. పల్చటి పొరలుగా వేసి, ఒక్కో పొర గట్టిపడ్డాకే రెండోది వెయ్యాలి, ఎండ నేరుగా తగలకుండా తడి గోనె కట్టాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని గట్టిపడుతుంది, తొందరపెడితే పగులుతుంది. దీని మీదికి కూడా వెల్లే వెయ్యాలి.

సున్నం పని తెలిసిన మేస్త్రులు ఇప్పుడు కొద్దిమందే, అందరూ పెద్దవాళ్ళు. ఒక్కరు దొరికినా వాళ్ళ దగ్గర ఈ ఒక్క పని పూర్తిగా నేర్చుకో. ఇసుకతో పాటు ఇటుక పొడి ఎంత కలుపుతారో, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు ఎప్పుడు పోస్తారో, ఎన్నాళ్ళు మగ్గబెడతారో కొలతలతో రాసుకో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేనాటికి మన దేశంలో సిమెంటు తయారయ్యేదే కాదు, గోదావరిని ఆపిన ఆ రాతికట్టుకి పట్టు సున్నమే. ఆ విద్య మన కళ్ళ ముందే పోతుంటే నాకు బాధగా ఉంటుంది. సున్నపురాళ్ళు చల్లార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. రాళ్ళని నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి గానీ రాళ్ళ మీద నీళ్ళు పొయ్యకూడదు, కుతకుత ఉడికి చిమ్ముతుంది. కళ్ళని కాపాడే అద్దాలు పెట్టుకోకుండా దగ్గరికి వెళ్ళకు.

పెరట్లో స్నానాలగది తర్వాత కట్టింది, అక్కడ సిమెంటు పనే. పూతకి సిమెంటు, ఇసుక పాళ్ళు లోపలి గోడకి 1:6, బయటి గోడకి 1:4, శ్లాబు అడుగున 1:3 అని గుర్తుంచుకో. కొలిచేది తట్టతో అయినా అన్నిటికీ ఒకే తట్ట ఉండాలి. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, నాలుగైదు శాతం తడికే పాతిక శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది, ఆ లెక్క మేస్త్రిని అడిగి తెలుసుకో. గాజు గ్లాసులో ఇసుక పోసి నీళ్ళు కలిపి వదిలేస్తే పైన ఒండ్రు పొర తేరుతుంది. అది ఇసుక మట్టంలో పన్నెండో వంతు దాటితే ఆ లోడు వెనక్కి పంపెయ్యి. అరగంటలో వాడగలిగినంతే కలపనీ. బిగుసుకున్న మాలులో నీళ్ళు పోసి మళ్ళీ తిప్పుతుంటే గట్టిగా వద్దను, ఈ ఒక్కచోట మొహమాటం వద్దు. మీ బోరు నీళ్ళు ఉప్పన. అవి పనికి వాడకు, పంచాయతీ కుళాయి నీళ్ళు డ్రమ్ముల్లో పట్టించు. ఇనుమున్న కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, ఉప్పు పట్టిన ఇనుము తుప్పెక్కక మానదు.

ఆ గది శ్లాబు పెచ్చులూడి ఇనుము కనిపించడానికి కారణం అదే తుప్పు. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. పైనుంచి మాలు మెత్తితే నిలవదు. గుల్లగా మోగే భాగమంతా కొట్టి, ఊచ చుట్టూ శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. ఊచ బాగా సన్నబడి ఉంటే మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలువు. టైల్సు వెయ్యకముందు నేలకి, గోడ మీద అడుగెత్తు దాకా వాటర్‌ప్రూఫింగు చేయించి, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు బయటికి పోయే జాలీ) మూసి, ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూడు. నీళ్ళు ట్రాప్ వైపు పోయేలా వాటం ఉందో లేదో టైలు అతకకముందే తేలాలి. వేసిన టైల్సుని మర్నాడు నాణెంతో తట్టు, డొల్లగా మోగినవి అప్పుడే తీయించు.

పైకప్పు గురించి ఎక్కువ రాయను. వాసాలకి చెద ఉందేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు, దిగితే మార్పించు. పెంకు మార్చడం రెండు రోజుల్లో నీకే వచ్చేస్తుంది. బద్దల మీద తప్ప పెంకు మీద కాలు పెట్టకు.

కొన్ని నువ్వు ముట్టుకోకూడనివి ఉన్నాయి. హాలు పెద్దదవుతుందని మధ్యగోడ తీసేద్దామంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ఇంట్లో స్తంభాలూ బీములూ లేవు, దూలాల బరువంతా ఆ గోడ మీదే ఉంది. అది కదిలితే కప్పు కదులుతుంది. కరెంటు పని లైసెన్సున్నవాడే చెయ్యాలి, నువ్వు పక్కనుండి చూడు. ఎర్తింగు సరిగా ఉందో, షాకు కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టాడో, ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాడో అడుగు. పెరటి పంచలో పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కట్టరుతో కొయ్యొద్దు, పగలగొట్టొద్దు. బాగా తడిపి, బోల్టులు విప్పి, పలక పలకగానే దింపించు. టైలు కోసేటప్పుడు కూడా నీళ్ళు పోస్తూ కోయించు. మంచి మాస్కు నీకొక్కడికే కాదు, అందరికీ కొను.

ఈ పని మీద మనసు నిలిస్తే ఐటీఐలో మేసన్, ప్లంబర్, వడ్రంగం కోర్సులు ఏడాదివి ఉన్నాయి, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గర 1998లో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, అక్కడ కట్టుబడి పనుల్లో చిన్న శిక్షణలు ఇస్తారు. ముందు ఈ ఇల్లు అవనీ, తర్వాత చూద్దువుగాని.

శనివారం సాయంత్రం కూలి బట్వాడా ఆలస్యం చెయ్యకు. వాళ్ళు సంతకి వెళ్ళాలి. చెయ్యి తిరగని నీవల్ల పాడైన మాలు, ఇటుకలు నీ ఖాతాలో రాసుకో, మేస్త్రి లెక్కలో కలపకు.

సున్నం పని చేసే మేస్త్రి ఒకాయన ముంగండ వైపు ఉన్నాడని విన్నాను. వచ్చే ఆదివారం కబురు చేస్తాను. ఆయన ఒప్పుకుంటే వానలు పూర్తిగా తగ్గాక, కార్తీకం వెళ్ళాక మొదలెడదాం. ఈలోగా ఇంటి చుట్టూ వాననీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపు. చౌడు పైకి ఎంత వరకు ఎక్కిందో గోడ మీద పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యి, మేస్త్రి వచ్చినప్పుడు అది చూపిద్దాం.

మీ అమ్మనీ, చెల్లాయినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య