మీ ఆట – మా జవాబు: డిఫెండర్‌లో రాడార్ మీద కన్నేయండి

ప్రశ్న: పాత ఆర్కేడ్ ఆటల కలెక్షన్ ఇంట్లో పెట్టుకున్నాం. మిగతావి నడుస్తున్నాయి గానీ డిఫెండర్ మాత్రం మొదలుపెట్టిన నిమిషానికే మూడు ఓడలూ పోతున్నాయి. లివర్ ఒకటి, బటన్లు ఐదు. కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అంతరిక్ష ఓడ నడుపుతూ నేల మీది మనుషుల్ని కాపాడే ఈ ఆటను యూజీన్ జార్విస్ బృందం చేస్తే, విలియమ్స్ కంపెనీ 1981లో మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో కళ్ల ముందున్న తెరే యుద్ధరంగం. డిఫెండర్‌లో తెరకు అటూ ఇటూ కూడా నేల ఉంది. మీకు కనపడని చోట ల్యాండర్లనే శత్రు ఓడలు మనుషుల్ని ఎత్తుకుపోతుంటాయి. తెర పైన రాడార్ (మొత్తం నేలను చుక్కలతో చూపే చిన్న పటం) పెట్టింది అందుకే. ఎదురొచ్చినదాన్నల్లా కాలుస్తూ తమ ఓడనే చూసుకునేవాళ్లు తొందరగా ఓడిపోతారు. ఇది కాపలా ఆట.

మొదట్లో ఫైర్ (కాల్చేది), థ్రస్ట్ (ఓడను ముందుకు నెట్టేది), రివర్స్ (వెనక్కి తిప్పేది) మూడే వాడండి. లివర్ పైకీ కిందికీ మాత్రమే. థ్రస్ట్ వదిలినా ఓడ వెంటనే ఆగదు, జారుతూ పోతుంది. థ్రస్ట్‌ని నొక్కి పట్టుకుంటే తెర అంచున ప్రత్యక్షమైనవాటిని మీరే వెళ్లి గుద్దుకుంటారు. అందుకని కొంచెం నొక్కి వదలండి. రివర్స్ నొక్కగానే మూతి తిరుగుతుంది కానీ పాత వేగం అలాగే ఉంటుంది, మళ్లీ థ్రస్ట్ ఇస్తే అది తొందరగా తగ్గుతుంది. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే సగం ఆట వచ్చినట్టే.

రాడార్‌లో నేల దగ్గరి చుక్క నిలువుగా పైకి లేస్తుంటే ల్యాండర్ ఒక మనిషిని పట్టుకుపోతోందని అర్థం. అది పైఅంచు చేరితే మ్యూటెంట్‌గా మారి, మీ మీదికే అడ్డదిడ్డంగా దూసుకొస్తుంది. ఈలోపే దాని ఎత్తుకు చేరి కాల్చండి. దాని కింద వేలాడే మనిషికి గుండు తగలకూడదు. జారిపడే మనిషిని ఓడతో తాకితే 500 పాయింట్లు, నేల మీద దించితే ఇంకో 500. ల్యాండర్‌కు వచ్చే 150 కలిపితే 1150. తక్కువ ఎత్తు నుంచి పడితే మనిషి తనంతట తానే బతుకుతాడు, 250 వస్తుంది. పై నుంచి పడితే చనిపోతాడు.

లెక్క చూడండి. మొదటి వేవ్ (ఒక విడత శత్రువులు) పూర్తయ్యేసరికి పదిమందీ బతికుంటే తలకు 100 చొప్పున 1000 బోనస్. ఐదో వేవ్‌కి తలకు 500. ప్రతి 10,000కీ ఒక ఓడ, ఒక స్మార్ట్ బాంబు కొత్తగా వస్తాయి. అంటే మనుషుల్ని కాపాడితే ఓడలు తొందరగా దొరుకుతాయి. పదిమందీ పోతే నేల పేలిపోతుంది, ఉన్న ల్యాండర్లన్నీ మ్యూటెంట్లవుతాయి. కొత్తవాళ్లు అక్కడి నుంచి తేరుకోవడం చాలా కష్టం.

స్మార్ట్ బాంబు తెర మీదున్న శత్రువులన్నిటినీ లేపేస్తుంది. ఒకటీ అరా ఉన్నప్పుడు వృథా చేయకండి, పాడ్‌లు (పేలితే చిన్న శత్రువుల్ని వదిలేవి) గుంపుగా కనపడితే వాడండి. ఒక్కో పాడ్‌కి 1000. హైపర్‌స్పేస్ బటన్ ఓడను ఉన్నచోట మాయం చేసి ఎక్కడ తేలుస్తుందో తెలియదు, ఒక్కోసారి తేలగానే ఓడ పేలిపోతుంది. చావు ఖాయమనుకున్నప్పుడే దాన్ని ముట్టండి. వేవ్ సాగదీస్తే బెయిటర్లనే తరిమే శత్రువులు వస్తాయి. అవి మీ ఓడకన్నా వేగం. వాటితో పెట్టుకోకుండా మిగిలినవాటిని ముగించండి, వేవ్ అయిపోతుంది.

ప్రశ్న: 18 ఎం.ఎం. ప్లైవుడ్‌తో కంట్రోల్ పెట్టె చేయిస్తున్నాను. జాయ్‌స్టిక్ బిగిస్తే కడ్డీ పైకి సరిగా రావడం లేదు, బటన్లూ పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: చాలా జాయ్‌స్టిక్‌లు పలుచని రేకుకోసం చేసినవి. వడ్రంగితో అడుగువైపు, జాయ్‌స్టిక్ ప్లేటు పట్టేంత మేర, 6 ఎం.ఎం. చెక్క మిగిలేలా రూటర్‌తో (చెక్క తొలిచే మెషీన్) తొలిపించండి. క్లిప్పు బటన్లు మందం చెక్కలో నిలవవు. పొడవు మర, నట్టు ఉన్న బటన్లు తీసుకోండి. పెద్దవాటికి 30 ఎం.ఎం. రంధ్రం కావాలి. అసలు మెషీన్ అమరిక ఇదీ: ఎడమ చేతికి లివర్, రివర్స్, కుడి చేతికి ఫైర్, థ్రస్ట్, స్మార్ట్ బాంబు. హైపర్‌స్పేస్ మాత్రం మధ్యలో, దూరంగా. దాన్ని మార్చకండి, తొందరలో చెయ్యి తగలకూడదనే అలా పెట్టారు.

యు.ఎస్.బి. ఎన్‌కోడర్ బోర్డు (బటన్లను కంప్యూటర్‌కి కలిపేది) కొనేముందు తీగల చివరి లగ్గులు (బటన్‌కు తొడిగే రేకు కొసలు) 4.8 ఎం.ఎం.వా, 2.8వా చూసి బటన్లకు సరిపోయేవే తెచ్చుకోండి. పెద్దవైతే ఊడిపోతాయి. మీది సముద్రపు గాలి కాబట్టి లగ్గులకు చిలుము పడుతుంది. బటన్ ఉండి ఉండి పనిచేస్తుంటే ముందు లగ్గు ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పట్టకారుతో కొంచెం నొక్కి మళ్లీ తొడగండి. అప్పటికీ కాకపోతే బటన్ కిందుండే మైక్రోస్విచ్ మార్చండి.

ప్రశ్న: కీబోర్డు మీద పైకి, థ్రస్ట్, ఫైర్ కలిపి నొక్కితే ఒకటి పనిచేయదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మామూలు కీబోర్డుల్లో కీలు వరసలు, నిలువుల వలగా కలిపి ఉంటాయి. కొన్ని కీలు మూడు కలిపి ఒకేసారి నొక్కితే కీబోర్డు గుర్తించలేకపోతుంది. ఫైర్‌ని కంట్రోల్ కీకి, థ్రస్ట్‌ని షిఫ్ట్‌కి మార్చండి, ఆ కీలకు సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ స్టికీ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది, ముందే సెట్టింగ్స్‌లో ఆపేయండి. టీవీకి కలిపి ఆడుతుంటే టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ కూడా పెట్టండి, లేకపోతే నొక్కిన కాసేపటికి గానీ ఓడ కదలదు.