నా సాక్ష్యం పుస్తకంగా వేస్తానంటే పిల్లలు వద్దంటున్నారు

ప్రశ్న: నాకు అరవై ఒక్క ఏళ్లు. గుంటూరు జిల్లాలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మావారు పన్నెండేళ్లు తాగుడులో ఉన్నారు. 2009లో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడేళ్ల కిందట ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ కథంతా, దేవుడు చేసిన మేలుకు నా సాక్ష్యంగా, నాలుగు నోటు పుస్తకాల్లో రాశాను. ఆయన జ్ఞాపకార్థ కూడికలో ఐదు వందల ప్రతులు పంచుదామని పాస్టర్ గారు అంటున్నారు. మా ఆడపడుచు పొలం డబ్బు ఇవ్వకపోవడం కూడా అందులో ఉంది. మావారు తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నదీ, బాప్తిస్మం తర్వాత రెండుసార్లు మళ్లీ తాగిందీ మాత్రం రాయలేదు, సాక్ష్యం బలహీనపడుతుందని. అబ్బాయి ‘పోయిన మనిషి పరువు తీస్తావా’ అని నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మాయి ‘నువ్వు తలుపు వేసుకుని ప్రార్థన చేస్తుంటే తమ్ముణ్ని పట్టుకుని మేడ మీద కూర్చున్నది నేను. అది రాశావా?’ అని అడిగి ఊరుకుంది. దేవుడు చేసిన మేలు దాచడం తప్పు కాదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అబ్బాయి కోపం దగ్గర కన్నా అమ్మాయి ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఆమె అడిగినదానికి మీరు జవాబు రాయలేదు. వెంటనే తర్వాతి వాక్యంలో దేవుడు చేసిన మేలు దగ్గరకు వెళ్లిపోయారు. నోటు పుస్తకాల్లో కూడా అలాగే జరిగిందేమో ఒకసారి చూసుకోండి.

ఆ పన్నెండేళ్లు మీకు ప్రార్థనలో గడిచిన రాత్రులు. ఆ పిల్లకు అవే రాత్రులు మేడ మీద గడిచాయి. రెండూ నిజమే. మీరు తలుపు వేసుకోవడం తప్పని అనడం లేదు. ఆ ఇంట్లో మీకు నిలబడటానికి దొరికిన చోటు అదొక్కటే అయి ఉండవచ్చు. కానీ తలుపు అవతల ఏం జరిగిందో ఇప్పటివరకు మీరు ఆమెను అడగలేదేమో అనిపిస్తోంది. తండ్రి తాగుడు నలుగురికీ తెలుస్తుందన్న భయం ఆమె మాటల్లో నాకు కనిపించలేదు. ఇంటి కథలో తాను లేదన్న బాధ కనిపించింది.

మార్కు సువార్త ఐదో అధ్యాయంలో సమాధుల్లో తిరిగిన మనిషి మీకు తెలుసు. బాగుపడ్డాక యేసు వెంట వస్తానని బతిమాలాడు. ఆయన రానివ్వలేదు, నీ ఇంటివాళ్ల దగ్గరకు వెళ్లి ప్రభువు చేసినదంతా చెప్పమన్నాడు. దెకపొలి అనే ఆ చుట్టుపక్కల ప్రాంతం వాళ్లు విన్నది ఆ తర్వాత. అతని కేకలు విన్నవాళ్లు, అతణ్ని సంకెళ్లతో కట్టి చూసినవాళ్లు ఉన్నది అతని సొంత ఊళ్లోనే. కొత్తవాళ్ల ముందు సాక్ష్యం చెప్పడం కన్నా అలాంటివాళ్ల ఎదుట కూర్చుని చెప్పడం చాలా కష్టం. మీ పుస్తకానికి మొదటి శ్రోతలు మీ పిల్లలిద్దరూ. ఐదు వందల మంది సంగతి ఆ తర్వాత చూద్దాం.

అబ్బాయి పరువు మాటకు వస్తే, పోయినవాళ్ల బలహీనత రాయడమే అవమానం కాదు. తొలినాటి క్రైస్తవ బోధకుడు ఆగస్టీన్ క్రీ.శ. 400 ప్రాంతంలో తన గత జీవితాన్ని రాసుకునేటప్పటికి తల్లి మోనికా పోయి పదేళ్లు దాటింది. చిన్నతనంలో ఆమె దొంగచాటుగా ద్రాక్షారసం తాగడానికి అలవాటు పడిందనీ, ఒక పనిమనిషి ఎత్తిపొడిస్తే సిగ్గుపడి మానేసిందనీ ఆయనే రాశాడు. అందువల్ల ఆమె గౌరవం తగ్గలేదు. తనతో ఏళ్ల తరబడి ఉండి, తనకు కొడుకును కన్న స్త్రీ పేరు మాత్రం ఆయన ఎక్కడా చెప్పలేదు. ఈ రోజుకీ ఆమె పేరు మనకు తెలియదు. మీ ఆడపడుచు పొలం డబ్బు వ్యవహారం ఆ వరుసలోకే వస్తుంది. పేరు తీసేసినా ఊళ్లో అందరికీ ఆవిడేనని తెలిసిపోతుంది కాబట్టి ఆ పేజీలు పూర్తిగా తీసేయండి. డబ్బు రావలసి ఉంటే పెద్దమనుషుల దగ్గర అడగండి, సాక్ష్యంలో అడగకండి.

ఇక మీరు వదిలేసిన తొమ్మిది రోజులు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఉపవాస కూడికల్లో సాక్ష్యాలు విన్నవాళ్లందరికీ ఆ వరుస తెలుసు: మొదట కటిక చీకటి, ఒక రాత్రి ప్రార్థన, తెల్లారేసరికి వెలుగు. వినడానికి బాగుంటుంది. కానీ మీరు నర్సు. ఏళ్లపాటు రోజూ తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మతిభ్రమ, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మీ పుస్తకం చదివి ఎవరో ఒకామె, భర్తను ఆస్పత్రికి తీసుకువెళ్లకుండా ఇంట్లోనే పడుకోబెట్టి ప్రార్థన చేస్తే? ఆయన రెండుసార్లు జారిపోయిన సంగతి కూడా రాయండి. తాగుడు మానేవాళ్లలో చాలామంది అలా జారి మళ్లీ లేచినవాళ్లే. కూడికలో వెనక చాప మీద కూర్చునే మరో చెల్లెలు ఉంటుంది, ఆమె భర్త ఈ వారమే మళ్లీ తాగి ఉంటాడు. ఒక్క రాత్రిలో మానేసిన మనిషి కథ చదివితే లోపం తన ప్రార్థనలోనే ఉందని ఆమె తనను తాను నిందించుకుంటుంది. మీవారు రెండోసారి తాగిన మర్నాడు మీరు ఏం చేశారో రాస్తే, ఆమె ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంటుంది.

పాస్టర్ గారికి, పిల్లలతో మాట్లాడాక చెబుతానని చెప్పండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. జ్ఞాపకార్థ కూడిక ఏటా వస్తుంది. ఈలోగా టైపు చేయించి మూడే ప్రతులు స్పైరల్ బైండింగ్ చేయించండి. ఒక్క పేజీ కూడా వాట్సాప్‌లో పెట్టకండి. అచ్చయిన ప్రతులను పంచకుండా ఆపవచ్చు, చేతులు మారిన ఫోటోలను వెనక్కి తెచ్చుకోలేం. పిల్లలు తమ గురించిన ఏ వాక్యమైనా తీసేయమంటే వాదించకుండా తీసేయండి, అది వాళ్ల జీవితం. మీ గురించి, మీ విశ్వాసం గురించి రాసినది మాత్రం ఎవరి కోసమూ మార్చనక్కరలేదు.

అబ్బాయి మాట్లాడకపోయినా పండక్కి ఇంటికి వస్తాడు కదా, అప్పుడు ఒక ప్రతి అతని సంచిలో పెట్టండి. ఎప్పుడు చదువుతాడో అతని ఇష్టం. అమ్మాయి ప్రతిని మాత్రం ఆమె చేతికే ఇవ్వండి. మేడ మీద రాత్రుల కోసం మధ్యలో నాలుగు తెల్ల కాగితాలు వదిలి పెట్టండి. ఆమె రాస్తానంటే రాయనివ్వండి. రాయనంటే ఆమె చెబుతుండగా మీరు రాయండి.