ఆఫ్రికాలో సెప్సిస్ పరిశోధన: కెరీర్‌గా నిలబడుతుందా?

ఎండీ పూర్తికావస్తోంది, ఆఫ్రికా ఆస్పత్రుల్లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) మీద పరిశోధన చేయాలనుంది, కెరీర్‌గా నిలబడుతుందా అని అడిగారు. ఉగాండా తూర్పున ఒక జిల్లా ఆస్పత్రిలో కొన్నేళ్లు నేను చేసింది ఈ పనే. నిలబడుతుంది. కాకపోతే మీ మనసులో ఉన్న పెద్ద ల్యాబు అక్కడ ఉండదు.

ముందు రెండు ట్రయల్స్ చదవండి. షాక్‌లో ఉన్న, అంటే రక్తప్రసరణ పడిపోయిన బిడ్డకు గబగబా సెలైన్ ఎక్కించాలని మనమంతా బట్టీపట్టి పాసైనవాళ్లమే. పిల్లల వైద్యురాలు కాథరిన్ మెయిట్‌లాండ్ బృందం ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో మూడు వేల పైచిలుకు పిల్లల్లో దాన్నే పరీక్షకు పెట్టింది. 2011లో ఫలితాలొచ్చాయి. బోలస్ (అలా ఒక్కసారిగా ఎక్కించే ద్రవం) ఇచ్చిన పిల్లల్లో 48 గంటల్లోపు చనిపోయినవాళ్లు పదిన్నర శాతం, ఇవ్వనివాళ్లలో 7.3. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయారేమో అనుకున్నారంతా. తీరా విడమరిచి చూస్తే, అదనపు మరణాల్లో ఎక్కువ భాగం రక్తప్రసరణ కుప్పకూలడం వల్లే. తర్వాత జాంబియా రాజధాని లుసాకాలో సెప్సిస్ ఉన్న పెద్దవాళ్ల మీద జరిగిన ట్రయల్ (2017) కూడా అటే చూపింది: ప్రోటోకాల్ ప్రకారం ఫ్లూయిడ్స్ ఇచ్చి, అవసరమైనవాళ్లకు వాసోప్రెసర్లు (బీపీ పెంచే మందులు) పెట్టిన గుంపులో మరణాలు 48.1 శాతం, మామూలు వైద్యంలో 33. వాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందికి హెచ్‌ఐవీ ఉంది. అలాంటివాళ్లలో సెప్సిస్‌కు చాలాసార్లు మూలం రక్తంలోకి చేరిన టీబీ. మామూలు బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) అది చిక్కదు.

రోజువారీ పని చాలా చిన్నగా ఉంటుంది. కేసుషీట్లలో అందరికీ శ్వాస నిమిషానికి 20 అనే రాసి ఉండేది (మన దగ్గరా అంతేలెండి, దాచడమెందుకు). వాచీ చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టడం అలవాటు చేయడానికే నెలలు పట్టింది. యాంటీబయాటిక్ ఎంత ఆలస్యమవుతోందో కొలవబోతే ఇంకోటి బయటపడింది. డాక్టరు చీటీ రాసింది పొద్దున్నే. స్టోర్‌లో మందు నిండుకుంటే, రోగి వాళ్లన్న బోడా (అద్దె మోటార్‌సైకిల్) మీద టౌనుకెళ్లి ఆ యాంటీబయాటిక్, సెఫ్ట్రయాక్సోన్ వయల్ కొని తెచ్చేసరికి మధ్యాహ్నం. నా దృష్టిలో అసలు పరిశోధన అక్కడే ఉంది.

డబ్బు సంగతి: అంతా గ్రాంట్ల మీదే. రెండు మూడేళ్ల కాంట్రాక్టులు, మధ్యలో ఖాళీలు. అక్కడి మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, ఎథిక్స్ అనుమతులు కదలాలంటే ఓపిక కావాలి. ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా కన్నా బయోస్టాటిస్టిక్స్ నాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

చేరేముందు ప్రాజెక్టు పెద్దను ఒక్కటి అడగండి: గ్రాంటు అయిపోయాక ఆ వార్డుకు ఆక్సిజన్, మందులు ఎవరు కొంటారని. నీళ్లు నమిలితే, నేనైతే సంతకం పెట్టను.