పట్టపగలు అర్ధరాత్రి: నాటకం పాఠం గురించి రెండు ప్రశ్నలు

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు ఈ ఏడాది షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ చెబుతున్నాను. దానికి ముందు ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ కాలపు నాటకరంగాన్ని, విషాద నాటక సంప్రదాయాలను పరిచయం చేయాలి. నిర్వచనాలు చెబితే రాసుకుంటున్నారు గాని ఏదీ మనసుకు పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక ఆంగ్ల అధ్యాపకురాలు

జవాబు: నిర్వచనాలను చివరికి ఉంచండమ్మా. పాఠం చెప్పినన్నాళ్లూ నేను నాటకశాల కట్టడంతోనే మొదలుపెట్టాను. ఆ సంప్రదాయాల్లో చాలావాటికి పుట్టిల్లు అదే.

1576లో జేమ్స్ బర్బేజ్ అనే నటుడు లండన్ నగర పాలకుల అధికారం చెల్లని షోర్‌డిచ్‌లో ‘ది థియేటర్’ అనే నాటకశాల కట్టాడు. తర్వాత స్థలం యజమానితో కౌలు తగాదా వచ్చింది. 1598 డిసెంబరులో బర్బేజ్ కొడుకులు ఆ కట్టడాన్ని విప్పించారు. ఆ కలపతోనే 1599లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ‘గ్లోబ్’ నాటకశాల లేచింది. ఈ కథ తప్పకుండా చెప్పండి. నాటకమే బతుకుతెరువైన మనుషులు విద్యార్థుల కళ్లకు కడతారు.

ఆ తర్వాత అందరినీ ఆరుబయటికి తీసుకువెళ్లి నేలమీద సుద్దతో వేదిక గీయించండి. 1600లో ఫార్చ్యూన్ నాటకశాల కోసం రాసుకున్న ఒప్పందపత్రం ఇప్పటికీ ఉంది కాబట్టి కొలతలకు వెతుక్కోనక్కరలేదు. 55 అడుగుల చదరపు ముంగిలి, అందులో 43 అడుగుల వెడల్పున ముంగిలి నడిమి దాకా చొచ్చుకువచ్చిన వేదిక. దానికి మూడు వైపులా విద్యార్థులను నిలబెట్టండి. ఒక పెన్నీ ఇచ్చినవారు అలా నిలబడే చూసేవారు. గ్యాలరీలోకి వెళ్లాలంటే ఇంకో పెన్నీ. ముంగిలికి పైకప్పు లేదు, ప్రదర్శన మధ్యాహ్నం.

అప్పుడు హామ్లెట్ మొదటి పంక్తులు చదివించండి. కాపలా మారడానికి వచ్చిన బెర్నార్డో “ఎవరది?” అంటాడు. నిజానికి ఆ మాట అడగవలసినవాడు అప్పటికే కాపలాలో ఉన్న ఫ్రాన్సిస్కో. అతను ఎదురు తిరిగి, ముందు నువ్వు చెప్పు అంటాడు. పన్నెండు కొట్టిందని ఒకరు, చలి భరించలేకున్నానని మరొకరు. ఎండలో నిలబడినవాళ్ల ముందుకు చీకటీ చలీ భయమూ అన్నీ మాటల్లోనే వచ్చేశాయి. దీపాలు లేవు, రంగులు వేసిన తెరలు లేవు. ఆ నాటకాల్లో అంత కవిత్వం ఎందుకని విద్యార్థులు అడిగితే ఈ పది పంక్తులే చూపించండి.

స్వగతానికి ఇంతకంటే ఎక్కువ సమయం ఇవ్వండి. నటుడు వేదిక అంచుకు వస్తే జనం చేయి చాచినంత దూరంలో ఉంటారు. పగటి వెలుగులో ఒక్కొక్కరి ముఖం అతనికి కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి చోట స్వగతాన్ని తనలో తాను గొణుక్కున్నట్టు చదివించడం నాకు ఏనాడూ నచ్చలేదు. రెండో అంకం చివర హామ్లెట్ “నేను పిరికివాడినా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నను మీ విద్యార్థి నిలబడ్డవారిలో ఒకరి కళ్లలోకి చూస్తూ అడగాలి, జవాబు కోసం ఆగాలి. ఎవరో ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు. విషాద నాయకుడితో ప్రేక్షకుడికి బంధం కుదిరేది అక్కడే.

వేదిక ముందు తెర లేదన్నది కూడా గుర్తు చేయండి. చనిపోయిన పాత్ర తనంతట తాను లేచి వెళ్లలేదు, ఎవరో ఒకరు మోసుకుపోవాలి. తన చేతిలో చనిపోయిన మంత్రి పొలోనియస్‌ను హామ్లెటే ఈడ్చుకుపోతాడు. చివర నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ నలుగురు సేనానులను పిలిచి హామ్లెట్‌ను వీరుడిలా మోయమంటాడు. మిగిలినవారిలో అధికారం గలవాడు చివరి మాట పలకడం, మృతదేహాలతో ఊరేగింపుగా వేదిక ఖాళీ కావడం, ఇదంతా ఆ అవసరాన్ని తీరుస్తూనే నాటకానికి ముగింపు గాంభీర్యాన్ని ఇచ్చింది.

దయ్యాలు, పగ, అయిదంకాల విభజన రోమన్ నాటకకర్త సెనెకా ప్రభావం. అతని పేరిట ఉన్న పది విషాద నాటకాలు 1581లో ఆంగ్లంలో ఒకే సంపుటంగా వచ్చాయి. ఇది ఒక్క మాటలో చెప్పి వదిలేయవచ్చు. స్త్రీ పాత్రలు బాలురు వేసేవారన్నది చెప్పినా చాలు.

ఇక విషాద నాయకుడి పతనానికి అతని పొరపాటే మూలమన్న గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ మాట. హామ్లెట్‌కు జాప్యం, ఒథెల్లోకు అసూయ అంటూ నాయకుడికో లోపం చొప్పున పట్టిక మాత్రం వేయించకండి. పరీక్షకు పనికొస్తుందేమో గాని నాటకాన్ని చంపేస్తుంది. మూడో అంకంలో తన తండ్రిని చంపిన రాజు ప్రార్థిస్తుంటే హామ్లెట్ చంపకుండా వదిలేస్తాడు. వెంటనే వచ్చే సన్నివేశంలో గోడకు వేలాడే తెర వెనక ఉన్నదెవరో చూడకుండానే కత్తితో పొడిచేస్తాడు. ఈ మనిషిని జాప్యం అనే ఒక్క మాటలో ఎలా ఇరికిస్తాం? ఏ క్షణం దాకా ఇతను వెనక్కి తిరగగలిగేవాడు అని అడగండి. వాళ్లు వాదించుకోనీయండి. నిర్వచనం ఆ వాదన తర్వాత రావాలి.

ప్రశ్న: ఎలిజబెత్ కాలపు నాటకమైన ‘మాక్‌బెత్’లో రాజహత్య జరిగిన వెంటనే తాగిన ద్వారపాలకుడి హాస్యం ఎందుకు? విషాద నాటకంలో అది దోషం కాదా?
– ఒక విద్యార్థి

జవాబు: ముందుగా ఒక సవరణ. ఎలిజబెత్ 1603లో మరణించింది. మాక్‌బెత్ ఆ తర్వాత, జేమ్స్ రాజు కాలంలో వచ్చింది. ఇక దోషం సంగతి. రాజులనూ విదూషకులనూ కలగలుపుతున్నారని కవి, విమర్శకుడు ఫిలిప్ సిడ్నీ ఆనాడే తప్పుపట్టాడు. నాటకకర్తలు ఆ మాట లెక్కచేయలేదు, చేయకపోవడమే మంచిదయింది. ఆ హాస్యం జరుగుతున్నంతసేపూ లోపల మాక్‌బెత్ పాత్రధారి చేతుల నెత్తురు కడుక్కుని, దుస్తులు మార్చుకుని రావచ్చు. ద్వారపాలకుడు తనను నరకద్వారం కాపలావాడిగా ఊహించుకుంటాడు. తాను కాపలా కాసే కోటలో అప్పటికే హత్య జరిగిందని అతనికి తెలియదు, మనకు తెలుసు. తలుపు తట్టే చప్పుడు అంతకుముందు సన్నివేశంలోనే మొదలైంది, ఇంకా ఆగలేదు. మిత్రులతో కలిసి ఈ భాగం చదివేటప్పుడు ఒకరిని బల్లమీద తడుతూ ఉండమనండి. ఎక్కడ నవ్వు ఆగిపోతుందో మీరే గమనిస్తారు.